‘తీసుకుపో’ అననంటే అనను

మా అమ్మ నాకిచ్చిన ఆస్తి రెండే. ఒకటి పింగాణీ టీ కుండ, రెండోది నోరు. టీ కుండ పెళ్ళైన ఏడాదే పగిలింది. నోరు మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఆ నోట్లోంచి అన్నిటికన్నా తొందరగా జారే మాట ‘తీసుకుపో’. పక్కింటి గ్లెనిస్ మా పిల్లల తోపుడుబండి వంక చూసి, “ఇంకా దాచుకున్నావా దీన్ని?” అంటే చాలు, “నీకు కావాలా? తీసుకుపో!” అనేదాన్ని. ఆమె నిజంగానే తీసుకుపోయేది. నేను వంటింట్లో కూచుని ఏడ్చేదాన్ని. ఇది నా ఒక్కదాని జబ్బు కాదు. మా లోయలో గని కార్మికుల ఇళ్ళన్నిటికీ ఉంది. లేనివాళ్ళమని ఎవరైనా అనుకుంటారేమోనని, ఉన్నది కూడా విసిరి పారేసే జాతి మాది.

ఆ జబ్బు మీద బతికినవాడు ప్రాసర్.

సౌత్ వేల్స్ లోయల్లో ఇంటిపేర్లు గుప్పెడే కాబట్టి మనిషికి పని పేరు తగిలిస్తాం. పాలు పోసేవాడు జోన్స్ పాలు. శవపేటికలు చేసేవాడు ఇవాన్స్ పెట్టె. వాయిదాల మీద సామాను ఇచ్చే కంపెనీ తరఫున ఇల్లిల్లూ తిరిగే ప్రాసర్, ప్రాసర్ వాయిదాలు. బూడిదరంగు టోపీ, చంకలో గొడుగు, వెన్న రాసినట్టుండే గొంతు. ఆ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, ఒక్క రోజు తప్ప. ఆ రోజు సంగతే చెప్పబోతున్నాను.

ఎనభై నాలుగు మార్చిలో గనులు మూసేస్తామంది ప్రభుత్వం. మా మగవాళ్ళు సమ్మె కట్టి గనిలోకి దిగడం మానేశారు. అక్టోబరు వచ్చేసరికి జీతం అనే మాట పిల్లలు మరిచిపోయారు. గని కార్మికుల హాల్లో మేం ఆడవాళ్ళమే వంట చేసి ఊరందరికీ పెట్టేవాళ్ళం. వారానికో సంచి దుంపలు, డబ్బా చిక్కుళ్ళు ఇంటికి వచ్చేవి. భూమి అడుగు నుంచి బొగ్గు తవ్వి దేశానికి పంపిన మనుషులు, గని చెత్తగుట్ట మీద గోనెసంచులు పట్టుకుని బొగ్గు ముక్కలు ఏరుకున్నారు.

మా ఇంట్లో వాయిదాల వస్తువు ఒక్కటే, వాషింగ్ మెషిన్. నేను చేతితొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో నా సంతకంతో తీసుకున్నాను. సగానికి పైగా కట్టేశాను. సమ్మె మొదలైన నెలలోనే ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. దాంతో నా వాయిదాలూ ఆగాయి.

ప్రాసర్ వచ్చిన మధ్యాహ్నం నేను దుంపలు ఉడకేస్తున్నాను. మా వైపు తలుపులు గడియ పెట్టుకునే అలవాటు లేదు. ఎవరొచ్చినా ఒక కేక వేసి లోపలికి వచ్చేయడమే. అతనూ అలాగే వచ్చాడు. టోపీ తీశాడు. బాకీ మాట ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తడు, అదే అతని పనితనం.

“తలుపు రంగు వెలిసిపోయిందే, బైనన్ గారూ. మీ ఆయనకి ఇప్పుడు తీరికేగా?”

“తీరికే. మీ టోపీకి కూడా ఒక పూత వేయమంటారా?”

అతను నవ్వి, మెషిన్ దగ్గరికి వెళ్ళి దాని మీద చెయ్యి వేశాడు. పెంపుడు కుక్కని నిమిరినట్టు నిమిరాడు.

“మంచి సరుకు. కానీ దీంట్లో ఉతకడానికి మీ ఇంట్లో బట్టలేం మిగిలాయని? పిల్లలకి హాల్లో పంచే పాతవే తొడుగుతున్నారట. నేననడం లేదమ్మా, వీధిలో అనుకుంటున్నారు.”

నా ఒళ్ళు మండింది. అతను ఆగలేదు.

“జీతం వచ్చే ఇళ్ళలో ఉండాల్సిన వస్తువు ఇది. మీలాంటివాళ్ళకి బరువు. ఒక్క మాట అనండి చాలు, మా కుర్రాళ్ళొచ్చి ఆ బరువు దించేస్తారు. లేదంటారా, నవంబరు మొదటి సోమవారం నుంచి, సమ్మె మాని పనికెళ్ళేవాళ్ళ కోసం గనికి బస్సు వేస్తున్నారు. రాళ్ళు తగలకుండా కిటికీలకి ఇనప వల కూడా కట్టారు. మీ ఆయన ఎక్కి కూచుంటే చాలు.”

“తీ...” అన్నాను. నిజంగా అన్నాను. సగం మాట నోరు దాటేసింది.

“ఐర్లిస్! నీ దుంపలు పొంగి చస్తున్నాయే!” అని పెరటి తలుపులోంచి కేక. బోపా మెరియల్. ఆమె నాకు అత్తా కాదు, పిన్నీ కాదు. మా లోయలో అంత చనువున్న పెద్దావిడని బోపా అంటాం. నేను పొయ్యి దగ్గరికి పరిగెత్తాను. తిరిగి చూసేసరికి ప్రాసర్ టోపీ పెట్టుకుంటున్నాడు.

“తొందరేం లేదు. వచ్చే శుక్రవారం బండి తీసుకుని వస్తాను. అప్పుడు చెబుదురుగాని.”

పెరట్లో బూటు అడుగున అట్టముక్క సర్దుకుంటున్న మా ఆయన హెవిన్ అంతా విన్నాడు. లోపలికొచ్చి మెషిన్ పక్కన నిలబడ్డాడు. హెవిన్ మాటకారి కాదు. ఇంట్లో ఇద్దరికి సరిపడా నేనే మాట్లాడతాను. అందుకే అతను నోరు తెరిస్తే నాకు భయం.

“అది పోయిన రోజు నేను బస్సెక్కుతాను, పిల్లా.”

“ఏం కూశావు?”

“విన్నావుగా.”

హెవిన్ వాళ్ళమ్మ చేతులు నేను చూశాను. ఐదుగురు గని మనుషుల బట్టలు మోకాళ్ళ మీద కూచుని రుద్దీ రుద్దీ, నలభై దాటకుండానే వేళ్ళు ముడుచుకుపోయిన మనిషి. టీ కప్పు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది. పెళ్ళిలో ఉంగరం తొడుగుతూ హెవిన్ నా చెవిలో అన్న మాట ఒక్కటే, “నీ చేత రేకుతొట్టిలో బట్టలు ఉతికించను” అని. ఆ మెషిన్ కొన్న రోజు అతను దాని ముందు స్టూలేసుకుని మూడు విడతల బట్టలు తిరుగుతుంటే చూస్తూ కూచున్నాడు.

“నువ్వు బస్సెక్కితే, దిగేటప్పుడు ఈ గుమ్మం వెతుక్కోకు,” అన్నాను.

కోపంలో అన్న మాట కాదు. బస్సెక్కినవాడికి మా లోయలో బతికుండగానే పాడె కట్టినట్టు. వాడి పిల్లలతో ఎవరూ ఆడరు, వాడి శవం మొయ్యడానికి ఎవరూ రారు. హెవిన్ అంటే నాకు ప్రాణం. అయినా తలుపు తీసేదాన్ని కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ రాత్రి మేమిద్దరం మంచానికి చెరో అంచు పట్టుకుని పడుకున్నాం.

*

హాల్లో గురువారం గురువారం రోవీనా వచ్చేది. కార్డిఫ్‌లో వకీలు. సమ్మె ఇళ్ళ అప్పుల గొడవలు చూడడానికి డబ్బు తీసుకోకుండా వచ్చేది. ఊరికే కూచోవడం ఇష్టంలేక మాతోపాటు దుంపలు చెక్కేది. తొక్కతోపాటు సగం దుంప తీసేసేది. మేం నవ్వితే తనూ నవ్వేది. చట్టం దగ్గరికొస్తే మాత్రం ఆ పిల్ల కత్తి సరిగ్గా తెగేది.

నేను ప్రాసర్ సంగతి చెబుతుంటే బల్లకి ఆ చివర ఉన్న మైర్ కత్తి కింద పెట్టింది.

“మా సోఫా గురించీ అచ్చం ఇలాగే అన్నాడు. కర్టెన్లు చూసి ‘వీటితో ఈ సోఫా నప్పదే’ అన్నాడు. నాకు తిక్క రేగి...”

“తీసుకుపో అన్నావు,” అంది గ్లెనిస్. “నేనూ అన్నాను. మా వంట పొయ్యి.”

ఇంకొకరు టీవీ అన్నారు. ఇంకొకరు మంచం. బల్ల చుట్టూ ఒక్కొక్కరే చెప్పారు. అందరూ అదే మాట అన్నారు. అందరూ సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు.

రోవీనా ఒక్కొక్కరినీ ఎంత కట్టారో అడిగింది. తర్వాత దుంప పక్కన పెట్టి మెల్లగా చెప్పింది.

“ధరలో మూడో వంతు కట్టేశాక, కోర్టు ఉత్తర్వు లేకుండా ఆ వస్తువు మీద అతను చెయ్యి వేయడానికి వీల్లేదు. మీలో దాదాపు అందరూ అంతకు మించే కట్టారు. అతనికి ఉన్న దారి ఒక్కటే. మీ అంతట మీరే ఇచ్చేశారనిపించుకోవాలి.”

“మేం ఇష్టపడి ఇవ్వలేదమ్మాయ్,” అంది మైర్. “కోపంతో అన్నాం.”

“తెలుసు మైర్. అతనికీ తెలుసు. అందుకే డబ్బు అడగడు, కోపం తెప్పిస్తాడు.”

మా గొప్పకు మేం విసిరేసిన మాటల్ని ఏరుకుని, వాడు మా ఇళ్ళు ఖాళీ చేశాడు. ఆకలి కన్నా ఆ సంగతే నన్ను ఎక్కువ కాల్చింది.

“మరి నేను ఆ మాట అనకుండానే పట్టుకుపోతేనో?” అని అడిగాను.

రోవీనా నా వైపు చూసింది. ఆ పిల్ల ముఖంలో నవ్వు నెమ్మదిగా పాకింది.

“అప్పుడు ఆ ఒప్పందం అక్కడితో చచ్చినట్టే. మిగిలిన బాకీ ఒక్క పెన్నీ కట్టక్కర్లేదు. ఇన్నాళ్ళూ మీరు కట్టిందంతా అతను మీకు తిరిగివ్వాలి.”

“అంతానా?”

“అంతా. కాకపోతే తర్వాత తెలివి తెచ్చుకుని వస్తువు వెనక్కి తెచ్చి పెడతారు. కొత్త కాగితం మీద సంతకం అడుగుతారు. పెట్టారో, కథ మళ్ళీ మొదటికొస్తుంది. అది తర్వాతి సంగతి. ముందు మీరు ఆ మాట అనకుండా ఉండగలరా?”

“ఎవరు, ఐర్లిసా?” అంది గ్లెనిస్. “తోపుడుబండి సంగతి నేను చెప్పనా?”

ఇంక చూడండి నవ్వులు. బోపా మెరియల్ దుంపలు వడకట్టే చిల్లుల గిన్నె నెత్తిన బోర్లించుకుని, గరిటె చంకలో పెట్టుకుని, ప్రాసర్ అయిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి, వయ్యారంగా నా చుట్టూ తిరిగి, “అయ్యో బైనన్ గారూ, ఈ మొహానికి ఈ ఏప్రనా?” అంది.

“తీసుకుపో!” అన్నాను.

హాలు ఘొల్లుమంది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ ఓడిపోయాను. సాయంత్రానికి ఏప్రన్, చెప్పులు, పెళ్ళి ఉంగరం, ఆఖరికి హెవిన్‌ని కూడా ఆ చిల్లుల గిన్నెకి ఇచ్చేశాను. బోపా నా గడ్డం పట్టుకుంది.

“చూడు తల్లీ. ఆ మాట వచ్చినప్పుడల్లా ‘నాది’ అను. ఇంకేం అనకు. ‘నాది.’”

ఇంటికెళ్ళి హెవిన్‌కి అంతా చెప్పాను. డబ్బు తిరిగొస్తే పిల్లలకి బూట్లు, శీతాకాలం గడవడం, అన్నీ చెప్పాను. అతను నిప్పు వైపు చూస్తూ విన్నాడు.

“డబ్బు ఎప్పుడో వస్తుంది. సోమవారం మాత్రం సోమవారమే వస్తుంది,” అన్నాడు. “తొట్టి ముందు నువ్వు మోకాళ్ళేసి కూచోవడం నేను చూడలేను, పిల్లా. నా వల్ల కాదు.”

మా లోయలో బట్టలుతికే రోజు సోమవారం. బస్సు వచ్చేదీ సోమవారమే.

*

శుక్రవారం మా వంటింట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. బోపా, మైర్, గ్లెనిస్, ఇంకా నలుగురు, అందరికీ మా ఇంట్లోనే టీ తాగాలనిపించింది. టీ పొడి మాత్రం రెండుసార్లు మరిగించిందే. బోపా పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాలుస్తోంది. మెషిన్‌లో పిల్లల బట్టలు తిరుగుతున్నాయి. కావాలనే వేశాను.

ప్రాసర్ ఇద్దరు కుర్రాళ్ళతో వచ్చాడు. ఆడవాళ్ళని చూసి ఒక్క క్షణం తగ్గాడు. మళ్ళీ వెన్న రాసుకున్నాడు.

“ఓహో, విందా? సమ్మెలో కూడా దర్జా తగ్గలేదే.”

“కూచోండి ప్రాసర్ గారూ. మీ గురించే అనుకుంటున్నాం.”

“తీరిక లేదమ్మా. ఏమనుకున్నారు మెషిన్ గురించి? బరువు దించేయమంటారా?”

“నాది,” అన్నాను.

“ఏమిటీ?”

“మెషిన్. నాది. సగానికి పైగా కట్టాను. ఇవ్వను.”

అతని కనుబొమలు కదిలాయి. మొదట పిల్లల మీద పడ్డాడు, వాళ్ళు ఎంత చిక్కిపోయారో అన్నాడు. తర్వాత మా గోడ చెమ్మ, నా జుట్టు. ‘నాది’ అన్నాను. మాట నాలుక చివర నిప్పులా కాలుతోంది. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఇవేవీ పారడం లేదని చూసి, మెట్ల మీద నిలబడ్డ హెవిన్ వైపు తిరిగాడు.

“పెళ్ళాం ఏప్రన్ చాటున దాక్కున్నారే బైనన్ గారూ. ఇంట్లో మగాడు సంపాదిస్తే ఆడదానికి ఈ అగచాట్లు ఉండేవి కాదుగా?”

హెవిన్ ముఖం గని మసి పట్టినట్టు నల్లబడింది. రెండు మెట్లు దిగాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ జబ్బు అతనికీ ఉంది కదా.

బోపా మెరియల్ పెనం మీది రొట్టె ఒకటి తీసి, సెగలు కక్కుతున్నది కక్కుతున్నట్టే, అతని నోట్లో కుక్కింది.

“తిను నాన్నా. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు,” అంది.

హెవిన్ కళ్ళ నీళ్ళు కారుతుంటే నమిలాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే చెడిపోతుందని అందరికీ తెలుసు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఎదురు మొదలుపెట్టాను.

“ప్రాసర్ గారూ, మీరు మైర్‌తో కర్టెన్ల గురించి అన్నారట. గ్లెనిస్‌తో పొయ్యి జిడ్డు గురించి అన్నారట. ఇల్లు మారినా పాట మార్చరా? ఇదిగో, నేను పాడతాను, బాగుందో లేదో చెప్పండి.” టోపీ లేకుండానే టోపీ తీసి, అతని గొంతుతో అన్నాను. “అయ్యో ప్రాసర్ గారూ, ఈ ముఖానికి ఈ గొడుగా?”

ఈసారి నవ్వు ఆగలేదు. కుర్రాళ్ళలో ఒకడు కూడా కిసుక్కుమన్నాడు. అదే దెబ్బ తగిలింది.

“ప్లగ్గు పీకండి!” అని అరిచాడు ప్రాసర్. ఇరవై ఏళ్ళలో ఆ గొంతు పెరగడం అదే మొదలు.

“అయ్యా, ఆవిడ ఇంకా...” అన్నాడు కుర్రాడు.

“పీకమన్నానా!”

“ఇది నాది,” అన్నాను. “నేను ఇవ్వడం లేదు. అందరూ విన్నారుగా?”

“విన్నాం,” అన్నారు ఏడుగురు ఒక్క గొంతుతో.

వాళ్ళు మెషిన్ తలుపు తెరిచి పిల్లల తడిబట్టలు నేల మీద కుప్పగా పోసి మెషిన్ ఎత్తారు. నేను దారికి అడ్డం నిలబడలేదు. గెలిచానని తెలుసు. మెషిన్ ఉన్న చోట గోడ మీద చదరంగా తెల్లటి మరక మాత్రం నన్నే చూస్తోంది. హెవిన్ కూడా దాన్నే చూస్తున్నాడు. పైకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే రోవీనా కంపెనీకి ఉత్తరం రాసింది. ఏడుగురూ కింద సాక్షి సంతకాలు పెట్టారు.

ఆదివారం హెవిన్ గని బూట్లు తుడిచాడు. ఎనిమిది నెలలు ముట్టని బూట్లు. నిప్పు ముందు కూచుని నెమ్మదిగా తుడిచాడు. తుడిచి తలుపు దగ్గర పెట్టాడు. నేను అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని నోరు కుట్టేసుకున్నాను. నా జన్మలో నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే.

సోమవారం మెలకువ వచ్చేసరికి పక్క చల్లగా ఉంది. కిందికి దిగాను. తలుపు దగ్గర బూట్లు లేవు.

మెట్ల మీదే కూలబడ్డాను. పిల్లలకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అతని బట్టలు సంచిలో కట్టి గుమ్మం బయట పెట్టాలి, మాటంటే మాటే, చేతులు మాత్రం లేవడం లేదు. అప్పుడు వెనక గదిలోంచి చప్పుడు వినిపించింది. రుద్దుతున్న చప్పుడు.

హెవిన్ వాళ్ళమ్మ రేకుతొట్టి అటక మీది నుంచి దించాడు. చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, నురగలో మోచేతుల దాకా మునిగి, నా లంగా ఒకటి బల్ల మీద పరిచి బాదుతున్నాడు. నేలంతా నీళ్ళు. కాళ్ళు తడవకుండా గని బూట్లు వేసుకున్నాడు.

“బస్సు?” అన్నాను.

“దాని దారిన అది పోతుంది.” తల ఎత్తలేదు. “నీ చేత ఉతికించనని కదా నేను మాటిచ్చింది. ఎవరూ ఉతకరని ఇవ్వలేదుగా. రాత్రంతా ఆలోచిస్తే ఇదొక్కటే తట్టింది. బట్టల సోడా ఎక్కడ పెట్టావు, పిల్లా?”

నేను అతని వీపు మీద తల ఆనించి ఏడ్చాను. అతను రుద్దడం ఆపలేదు.

మా పెరటి కిందనే గనికి పోయే రోడ్డు. తెల్లారుతుండగా ముందు పోలీసు బళ్ళు, వాటి మధ్య ఇనపవల బస్సు, అందులో ముఖం కప్పుకున్న మనిషి ఒక్కడే. ఊరు ఊరంతా రోడ్డు పక్కన నిలబడి కేకలేస్తోంది. హెవిన్ బట్టల గంప ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాడు. మా లోయలో అప్పటిదాకా మగవాడు బట్టలారేయడం ఎవరూ చూడలేదు. నోట క్లిప్పులు కరుచుకుని, నా లంగాలు, పిల్లల గౌన్లు వరసగా తీగ మీద తగిలించాడు. కింద కేకలు ఒక్కసారి ఆగాయి.

“హెవిన్! ఆ గులాబీరంగు లంగా నీదేనా?” అని ఎవరో అరిచారు.

“నాదే!” అన్నాడు హెవిన్. “బస్సులో ఆయనకి కావాలేమో అడుగు. ఇవ్వనని చెప్పు!”

ఆ నవ్వు లోయ రెండు వైపులా కొట్టుకుని తిరిగొచ్చింది. రెండో సోమవారానికి మా వీధిలో ఇంకో ముగ్గురు మగవాళ్ళు తీగల దగ్గర కనిపించారు.

సమ్మె ఓడిపోయాం. ఆ సంగతి లోకానికంతా తెలుసు. మరుసటి మార్చిలో బ్యాండు వాయించుకుంటూ అందరం మా మగవాళ్ళని గని గేటు దాకా సాగనంపాం, హెవిన్ కూడా అందరితోపాటే వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా గని మూసేశారు. ఎవరైనా ఆ ఏడాది మీకేం మిగిలిందని అడిగితే నేను వీటి గురించేం చెప్పను. ఆ నవంబరులో ఒక గురువారం గురించి చెబుతాను.

ఆ గురువారం ప్రాసర్ బండి మళ్ళీ వచ్చింది. కుర్రాళ్ళు మెషిన్ దించి సరిగ్గా మా గుమ్మం ముందు పెట్టారు. తుడిచి, మెరిపించి తెచ్చారు. ప్రాసర్ లోపలికి రాలేదు. మెట్టు కిందే నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది.

“ఏదో పొరపాటు జరిగిందమ్మా. మా కుర్రాళ్ళు తొందరపడ్డారు. పెట్టుకోండి. సమ్మె అయ్యేదాకా వాయిదాలు అడగం. ఇక్కడ చిన్న సంతకం పెడితే చాలు, గొడవ వదిలిపోతుంది.”

కాగితం, పెన్ను నా ముందుకు వచ్చాయి.

నేను మెషిన్ వైపు చూశాను. వెనక్కి తిరిగి హెవిన్ వైపు చూశాను. తలుపు చట్రానికి ఆనుకుని నిలబడ్డాడు. సోడాకి చేతులు ఎర్రగా వాచాయి, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు చారలు కట్టింది. గని పని కూడా ఆ చేతుల్ని అంత చెయ్యలేదు. ఆ చేతులు చూస్తుంటే నా చెయ్యి పెన్ను వైపు కదిలింది. అబద్ధం చెప్పను, కదిలింది.

హెవిన్ అది చూశాడు. చేతులు వెనక్కి దాచుకున్నాడు.

“నీ సంతకం, నీ నోరు, పిల్లా,” అన్నాడు. “అనేసెయ్.”

అప్పటికే వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎదురింటి మెట్టు మీద బోపా మెరియల్ నెత్తిన చిల్లుల గిన్నె పెట్టుకుని నిలబడింది. ప్రాసర్ పెన్ను ఇంకొంచెం ముందుకు జరిపాడు.

“ఏమంటారమ్మా?”

ఇన్నాళ్ళు నాలుక కింద అణిచి పెట్టుకున్న మాట. ఊపిరి నిండా పీల్చుకున్నాను.

“తీసుకుపో,” అన్నాను.

అతనికి వినపడలేదేమో, లేక వినపడిందని నమ్మలేదేమో. “ఆఁ?” అన్నాడు.

“తీసుకుపో!” అన్నాను మళ్ళీ, వీధి చివర చెవిటి తాత కిటికీ తెరిచేంత గట్టిగా. “మెషినూ తీసుకుపో, కాగితమూ తీసుకుపో. నేను కట్టిన నా డబ్బు మాత్రం తీసుకురా!”

తీసుకుపోయాడు. క్రిస్మస్‌కి ముందే తీసుకొచ్చాడు కూడా.